మెట్ట మీద ఇల్లు, రోడ్డు పక్కన షెడ్డు

విశాఖపట్నం నుంచి శృంగవరపుకోట మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కి అరకు లోయలోకి దిగే దారిలో ఇళ్లు కట్టిన తీరు చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. చదును నేల తక్కువ. ఉన్న కాస్తా వరికీ వలిసెకూ పోతుంది. ఇల్లు వాలు మీద, కొంత చెక్కి సాపు చేసిన జాగాలో లేస్తుంది. బండి అంత ఎత్తుకు ఎక్కదు కనుక దానికి రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు వేస్తారు. రెంటికీ మధ్య యాభై అరవై మీటర్ల కాలిబాట, నాలుగు సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని పట్టుకుని పాకిన మిరియాల తీగలు. స్తంభాల మీదుగా వచ్చిన ఫైబర్ వైరు ఇంటి గోడ దగ్గర ఆగిపోతుంది. షెడ్డులోని కారు మాత్రం 'కొత్త సాఫ్ట్‌వేర్ సిద్ధంగా ఉంది, వైఫైకి కలపండి' అని తెర మీద అడుగుతూనే ఉంటుంది. చూడ్డానికి చిన్న చిక్కే. విప్పబోతే రేడియో భౌతికశాస్త్రం సగానికి సగం అవసరమవుతుంది. ఈ చిక్కు వచ్చినవాళ్లలో ఎక్కువమంది చేసే పని ఒకటే: ఇంకాస్త బలమైన రౌటర్ కొంటారు. ఆ డబ్బు చాలావరకు వృథా అని ఈ అధ్యాయం వాదన. కొండ ప్రాంతంలో సిగ్నల్‌కు కొరవడేది బలం కాదు, దారి. దారి తెరిస్తే పాత రౌటరే సరిపోతుంది. మూసుకుపోతే ఎంత ఖరీదైన డబ్బా పెట్టినా అంతే.

అసలు కారుకు ఇంటర్నెట్ ఎందుకనే ప్రశ్న ముందు తేల్చుకోవాలి. అది పాటల కోసమే అయితే ఇంత చర్చ అనవసరం. 2018 మే నెలలో అమెరికాలోని కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక టెస్లా మోడల్ 3 కారును పరీక్షించి, గంటకు 96 కిలోమీటర్ల వేగంలో బ్రేకు వేస్తే ఆగడానికి 152 అడుగులు పడుతోందని తప్పుపట్టింది. కంపెనీ కొద్ది రోజుల్లోనే ఒక సాఫ్ట్‌వేర్ మార్పును గాలిలో పంపించింది. అదే పత్రిక మళ్లీ పరీక్షిస్తే 133 అడుగులకు ఆగింది. బోల్టు విప్పింది లేదు, ప్యాడ్ మార్చింది లేదు. ఘాట్ రోడ్డు మలుపులో పంతొమ్మిది అడుగులంటే ఏమిటో అక్కడ బండి నడిపేవారికి చెప్పనక్కరలేదు. దీనికి మరో వైపు కూడా ఉంది. 2015లో చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ అనే ఇద్దరు పరిశోధకులు నడుస్తున్న జీప్ చెరోకీని ఎక్కడో దూరాన కూర్చుని తమ అదుపులోకి తెచ్చుకుని చూపించారు. ఫియట్ క్రైస్లర్ కంపెనీ 14 లక్షల వాహనాలను వెనక్కి పిలవాల్సి వచ్చింది. గాలిలో పంపే ఏర్పాటు లేకపోవడంతో మరమ్మతు సాఫ్ట్‌వేర్‌ను పెన్‌డ్రైవ్‌లలో పెట్టి యజమానుల ఇళ్లకు పోస్టు చేసింది. ఈనాటి కారులో సాఫ్ట్‌వేర్ కూడా బ్రేకులాంటి భాగమే. దాన్ని పాతబడనివ్వడం అరిగిన టైరుతో ఘాట్ దిగడం కంటే మేలేమీ కాదు.

కారులోనే సిమ్ ఉంటుంది కదా, ఇంటి వైఫైతో పనేముంది అనేది సహజమైన అభ్యంతరం. ఉంటుంది. 2019లో వచ్చిన ఎంజీ హెక్టర్ 'ఇంటర్నెట్ కారు' పేరుతోనే అమ్ముడుపోయింది, ఆ తర్వాత చాలా కంపెనీలు అదే బాట పట్టాయి. అయితే ఆ సిమ్‌కు టవర్ కనిపించాలి. 2023 జూన్‌లో రాష్ట్రంలో ఒకేసారి వంద 4జీ టవర్లు ప్రారంభిస్తే వాటిలో అత్యధికం అల్లూరి సీతారామరాజు జిల్లాకే కేటాయించారంటే, అంతవరకు ఈ కొండల్లో ఖాళీ ఎంత ఉందో అర్థమవుతుంది. టవర్ వచ్చినా కొండ చాటు చాటే. కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం ఈ కొండల్లో 58 సొరంగాలు దూరి వెళ్తుంది. రైలుకైతే సొరంగం తవ్వగలిగాం, తరంగానికి తవ్వలేం. పైగా పెద్ద ఫైళ్లను వైఫై దొరికేదాకా ఆపి ఉంచే కంపెనీలున్నాయి, ఎందుకంటే సిమ్ డేటా ఖర్చు వాళ్ల మీద పడుతుంది. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకోవచ్చు కదా అంటే, షెడ్డులో ఫోనుకు మంచి 4జీ అందేచోట తప్పకుండా పెట్టుకోవచ్చు. అలాంటి వారు ఈ అధ్యాయం ఇక్కడే ఆపేసినా నష్టం లేదు. అందని చోట్ల సంగతే మనకు కావాలి. సర్వీసు సెంటర్‌లో వేయించుకోవడం చివరి మార్గం. అరకు నుంచి విశాఖకు రోడ్డున నూరు కిలోమీటర్ల పైమాటే. ఒక ఫైలు కోసం రానూపోనూ ఘాట్ దిగి ఎక్కడం ఎవరికీ గిట్టుబాటు కాదు.

ఇప్పుడు లెక్కలోకి దిగుదాం. రేడియో ఇంజనీర్లు దీన్ని లింక్ బడ్జెట్ అంటారు. కొలత డెసిబెల్. ఒక్కటి గుర్తుంటే చాలు: పది డెసిబెల్స్ పోతే బలం పదో వంతుకు పడిపోతుంది, ఇరవై పోతే నూరో వంతుకు. ఇంటి రౌటర్ సుమారు 100 మిల్లీవాట్ల బలంతో పలుకుతుంది. అందులో వెయ్యి కోట్లో వంతు చేరినా కారులోని రిసీవర్ నెమ్మదిగానైనా చదువుకోగలదు. అంటే మనం ఖర్చు పెట్టుకోగలిగింది మొత్తం 100 డెసిబెల్స్. ఇంటికీ షెడ్డుకూ మధ్య 60 మీటర్ల ఖాళీ ఉంటే, 2.4 గిగాహెర్ట్జ్ తరంగం ఆ దూరం దాటేసరికి దాదాపు 76 డెసిబెల్స్ ఖర్చవుతాయి. ఇంకా 24 మిగిలాయి. ఇంటి తొమ్మిదంగుళాల ఇటుక గోడ ఎనిమిదో పదో తీసుకుంటుంది. దారిలో పది మీటర్ల మేర ఆకుల గుబురు ఉంటే మరో ఆరు. ఇంకా ఓ పది చేతిలో ఉన్నాయి, కారు దాకా రావాల్సిందే. కానీ చివర్లో ఇనుప రేకు ఉంది. అది పాతికో ముప్ఫయ్యో అడుగుతుంది. కథ అక్కడ ముగుస్తుంది.

ఈ పద్దులో అసలు విశేషం దూరానికి సంబంధించింది. 60 మీటర్లను 120 చేస్తే అదనంగా పోయేవి ఆరు డెసిబెల్సే. పది మీటర్ల ఆకులు తీసుకునేదీ అంతే. దూరం రెట్టింపైనప్పుడల్లా ఆరు, ఎప్పుడైనా ఆరే. మొదటి మీటరులో నలభై పోతాయి గానీ ఆ తర్వాత దూరం మన మీద దయగా ఉంటుంది. అడ్డంకి అలా కాదు. ప్రతి గోడా తన వంతు వసూలు చేసి తీరుతుంది. 'షెడ్డు దూరమండీ, అందుకే సిగ్నల్ రాదు' అని ఇంటర్నెట్ పెట్టడానికి వచ్చిన కుర్రాడు చెబితే నమ్మకండి. అదే అరవై మీటర్లలో ఆరుబయట నిలబడి ఫోన్ తీసి చూస్తే గీతలు కనిపిస్తాయి. షెడ్డులోకి అడుగుపెట్టి షట్టర్ దించితే మాయమవుతాయి. దూరం మారలేదు కదా! జింకు పూత పూసిన ఇనుప రేకులోకి ఈ తరంగం వెంట్రుక మందం కూడా చొచ్చుకుపోలేదు, తిరిగి బయటికే పరావర్తనం చెందుతుంది. లోపలికి వచ్చేదంతా రేకుకూ గోడకూ మధ్య సందుల్లోంచి, తలుపులోంచి వచ్చేదే. తరంగదైర్ఘ్యం 12.5 సెంటీమీటర్లు కనుక వేలు పట్టే సందులు పెద్దగా పనికిరావు. సిమెంటు రేకు అయితే పరిస్థితి ఇంత అన్యాయంగా ఉండదు, ఆ రేకు తరంగాన్ని చాలావరకు పోనిస్తుంది. షెడ్డు కప్పు దేనితో వేశారన్న ప్రశ్న రౌటర్ ఏ కంపెనీది అన్న ప్రశ్న కంటే ముఖ్యం.

అయితే ఎక్కువ బలంతో పలికే రౌటర్ పెట్టి ఆ పాతిక డెసిబెల్స్ పూడ్చలేమా? పూడ్చలేం, రెండు కారణాలున్నాయి. మొదటిది చట్టం. 2005 జనవరిలో కేంద్రం 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చింది. 2018 అక్టోబరులో 5 గిగాహెర్ట్జ్ పట్టీని ఆరుబయట వాడకానికీ విడుదల చేసింది. రెండింటికీ బలం మీద పరిమితి ఉంది, లేకపోతే వీధిలో ఒక్కరిదే రాజ్యమవుతుంది. రెండో కారణం అంతకంటే గట్టిది. వైఫై అంటే ఇద్దరి మధ్య సంభాషణ. రౌటర్ పంపిన ప్రతి ముక్కకూ కారు 'అందింది' అని బదులు పలకాలి. ఆ బదులు వినబడకపోతే రౌటర్ అదే ముక్కను మళ్లీ మళ్లీ పంపుతూ కూర్చుంటుంది. జాతరలో మైకు పట్టుకున్నవాడి మాట అవతలి కొండ దాకా వినిపిస్తుంది, అవతలి కొండ మీది మనిషి జవాబు మాత్రం వేదిక దాకా రాదు. మైకు సైజు పెంచితే ఆ జవాబు పెద్దదవుతుందా? తెర మీద గీతలు నిండుగా ఉండి కూడా డౌన్‌లోడ్ కదలకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. దీనికి మందు యాంటెన్నా. శక్తిని నలుదిక్కులా వెదజల్లకుండా ఒక దిక్కుకు మళ్లించే యాంటెన్నా పలికేటప్పుడు ఎంత లాభమిస్తుందో, వినేటప్పుడూ సరిగ్గా అంతే లాభమిస్తుంది. పుస్తకమంత పలక యాంటెన్నా ఒక్కోవైపు 13 డెసిబెల్స్ కలిపితే రెండు వైపులా కలిసి 26. కరెంటు బిల్లు పెరగదు, పక్కింటి వైఫై పాడవదు.

దారి తెరిచి ఉంటే ఈ మామూలు పరికరాలు ఎంత దూరం పోగలవో 2007లో వెనెజులాలో తేలింది. ఎర్మానో పియెత్రొసెమోలి అనే ఇంజనీర్ బృందం, ఇళ్లలో వాడే రకం రౌటర్లకు సాఫ్ట్‌వేర్ మార్చి, డిష్ యాంటెన్నాలు తగిలించి, ఆండీస్ పర్వతాల్లో ఒక శిఖరం నుంచి మరో శిఖరానికి 382 కిలోమీటర్ల దూరం వైఫై పంపించింది. పక్క గదిలోకి సిగ్నల్ రావడం లేదని మనం తిట్టుకునే పరికరమే అది. రెండూ శిఖరాలు కావడం, మధ్యలో ఏదీ అడ్డు లేకపోవడం తప్ప మరో రహస్యం లేదు. మన దగ్గరా ఇలాంటి ప్రయత్నం జరిగింది. ఐఐటీ కాన్పూర్ పరిశోధకులు గంగా మైదానంలో చేసి చూసిన దూరపు వైఫైని, బైర్రాజు ఫౌండేషన్ 'అశ్విని' పేరుతో పశ్చిమ గోదావరి పల్లెలకు తెచ్చింది. పాఠాలు, వైద్య సలహాలు వీడియోలో అందించడం దాని ఉద్దేశం. అందులో పనిచేసిన భాస్కరన్ రామన్, కామేశ్వరి చేబ్రోలు 2007లో రాసిన వ్యాసంలో తేల్చిన విషయాల్లో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఇది: ఖర్చులో పెద్ద భాగం రేడియోది కాదు, టవర్‌ది. గోదావరి డెల్టా చదును నేల, పైగా కొబ్బరి చెట్లు. ఆ తలలు దాటి చూడాలంటే ఇనుప టవర్ నిలబెట్టక తప్పదు. అరకులో ఆ టవర్‌ను నేలే కట్టి పెట్టింది. వాలు మీది ఇంటి అరుగు దిగువ షెడ్డు కంటే పది పన్నెండు మీటర్ల ఎత్తులో ఉంటుంది. మైదానంలో లక్షలు పోసి కొనాల్సిన ఎత్తు ఇక్కడ ఉచితం. కొండలున్నాయి కనుక సిగ్నల్ రాదు అనే మాట సగం నిజమే. కొండ మధ్యలో ఉంటే గోడ. మనం దాని మీదే ఉంటే టవర్.

'కనిపించడం' అనే మాట దగ్గర కొంచెం జాగ్రత్త పడాలి. షెడ్డు కప్పు మన కంటికి చెట్ల సందులోంచి కనిపిస్తే చాలదు. కాంతితో పోలిస్తే ఈ తరంగం చాలా లావు, నడవడానికి దానికి వెడల్పైన దారి కావాలి. ఆ వెడల్పును ఫ్రెనెల్ మండలం అంటారు, పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి శాస్త్రవేత్త ఆగస్టిన్ ఫ్రెనెల్ పేరు మీద. 60 మీటర్ల దూరానికి 2.4 గిగాహెర్ట్జ్‌లో సరిగ్గా మధ్యన ఈ మండలం వ్యాసార్ధం దాదాపు 1.4 మీటర్లు. 5 గిగాహెర్ట్జ్‌లో మీటరు కంటే తక్కువే. అందులో సగానికి పైగా ఖాళీగా ఉండాలి. మంచె మీద నిలబడి చూసి 'కనిపిస్తోంది' అని యాంటెన్నా బిగించినవారు, కొమ్మలు దానికి రెండడుగుల దిగువన ఉన్నాయన్న సంగతి పట్టించుకోరు. సిల్వర్ ఓక్ కాఫీకి నీడ కోసం పెంచే చెట్టు, త్వరగా ఎదుగుతుంది. ఈ ఏడాది తెరిచి ఉన్న దారి రెండేళ్లకు మూసుకుపోవచ్చు. 30 మీటర్ల మందాన చెట్ల గుబురు గుండా పోతే పన్నెండు పదమూడు డెసిబెల్స్ ఖర్చవుతాయని 1980లలో అమెరికాలో మార్క్ వైస్‌బర్గర్ ఇచ్చిన సూత్రం చెబుతుంది. 5.8 గిగాహెర్ట్జ్‌లో అది పదహారు. ఆకులు తడిస్తే ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే ఆకులో తరంగాన్ని తినేది నీళ్లే. దీని కోసం చెట్టు నరకమని ఎవరూ అనరు, అది కాఫీ తోటకు ప్రాణం. యాంటెన్నాను ఇంటి చూరు మీంచి మరో రెండు మీటర్లు లేపడమో, చెట్లు పలచగా ఉన్న మూల వైపు జరపడమో చేస్తే చాలు.

వాన సంగతేమిటని ఎవరైనా అడుగుతారు. నైరుతి రుతుపవనాల కాలంలో అనంతగిరిలో రోజుల తరబడి కురుస్తుంది కనుక భయం సహజమే. గంటకు 100 మిల్లీమీటర్ల కుండపోతలోనూ 5, 6 గిగాహెర్ట్జ్‌ల తరంగం కిలోమీటరుకు ఒక డెసిబెల్‌కు అటూ ఇటూ మాత్రమే కోల్పోతుంది. అరవై మీటర్లలో అది లెక్కలోకే రాదు. వానాకాలంలో వైఫై పాడైతే తడిసిన ఆకులనూ, నీళ్లు దూరిన కనెక్టర్‌నూ అనుమానించాలి, వానను కాదు. మంచు సంగతి మరింత ఆసక్తికరం. 2017 డిసెంబరులో గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్‌కు చెందిన 'ఎక్స్' ప్రయోగశాల, ఏపీ స్టేట్ ఫైబర్‌నెట్ కలిసి రాష్ట్రంలో రెండు వేల చోట్ల గాలిలో కాంతి పుంజాలతో ఇంటర్నెట్ పంపే పరికరాలు పెడతామని ప్రకటించాయి. తర్వాత 'తారా' అని పేరు పడిన ఆ పరిజ్ఞానం కాంగో నది మీద దాదాపు ఐదు కిలోమీటర్ల దూరం, కిన్షాసా బ్రాజవిల్ నగరాల మధ్య చక్కగా పనిచేసింది. మరి డిసెంబరు ఉదయం అరకులో? మంచులో వంద మీటర్ల దూరం మాత్రమే కనిపిస్తోందంటే అర్థం, ఆ వంద మీటర్లలోనే కాంతిలో 98 శాతం చెదిరిపోయిందని. కిలోమీటరు పోవాలంటే అదే నష్టం పదిసార్లు పడాలి. మంచు బిందువు సైజు మీటరులో లక్షో వంతు, ఆ పరికరాలు వాడే కాంతి తరంగం అంతకంటే చిన్నది, అందుకే ప్రతి బిందువూ దానికి అడ్డమే. పన్నెండు సెంటీమీటర్ల వైఫై తరంగానికి ఆ బిందువు ఉన్నట్టే తెలియదు. వంజంగి మేఘాలు చూడ్డానికి జనం తెల్లవారకముందే కొండెక్కే జిల్లాలో, ఇంటికీ షెడ్డుకూ మధ్య కాంతి కంటే రేడియోనే నమ్మదగింది.

ఇక బజారులో అందరూ చూపించే రిపీటర్. అది పనికిరాని వస్తువని అనను. దాన్ని పెట్టే చోటే తప్పు. సిగ్నల్ లేనిది షెడ్డులో కనుక షెడ్డులోనే ప్లగ్గులో గుచ్చుతారు. అక్కడ దానికీ ఏమీ వినిపించదు, వినిపించని దాన్ని అది తిరిగి చెప్పలేదు. షెడ్డు వైపున్న ఇంటి కిటికీ దగ్గర పెడితే గోడ ఖర్చు మిగులుతుంది, రేకు ఖర్చు మాత్రం అలాగే ఉంటుంది. ఒకే రేడియో ఉన్న రిపీటర్ విన్న చానెల్‌లోనే మళ్లీ పలకాలి కనుక వేగం సగానికి పడిపోతుందని చాలామంది ఫిర్యాదు. ఈ పనికి అది ఫిర్యాదే కాదు. కారుకు రావాల్సిన ఫైలు మూడు జీబీ అనుకుందాం. సెకనుకు ఐదు మెగాబిట్ల నత్తనడకలోనూ అది ఎనభై నిమిషాల్లో దిగుతుంది. రాత్రంతా కారు షెడ్డులోనే ఉంటుంది కదా! 300 మెగాబిట్లని పెట్టె మీద రాసిన అంకె ఇక్కడ ఎందుకూ కొరగాదు. కావలసింది తెగకుండా ఉండే సన్నని ధార. అందుకే 5 గిగాహెర్ట్జ్ కంటే 2.4 మేలు, షెడ్డు లోపల పెట్టే రెండో డబ్బాకు సాదాసీదా రకం చాలు. సీసీ కెమెరాలు బిగించేవాళ్లు 'వైర్‌లెస్ బ్రిడ్జి' పేరుతో అమ్మే పలక రేడియోల జత ఒకటి తెచ్చి, ఒకటి ఇంటి చూరుకు, ఒకటి షెడ్డు బయట గోడకు ఎదురెదురుగా బిగించి, అక్కడి నుంచి చిన్న వైరును రేకు లోపలికి తీసుకెళ్లి పాత రౌటర్‌కు కలిపితే, ఇందాకటి పద్దులో గోడ, రేకు రెండూ కొట్టుడుపోతాయి. తరంగం చేయలేని పనిని అరంగుళం రంధ్రంలోంచి దూరిన వైరు చేసేసింది.

వైరు ఆ చివరి అడుగుకే ఎందుకు, ఇంటి నుంచే లాగితే పోదా? పోతుంది, దారి తవ్వగలిగితే అదే ఉత్తమం. కాకపోతే ఏ వైరు అన్నది చూసుకోవాలి. మామూలు రాగి నెట్‌వర్క్ కేబుల్ వంద మీటర్ల దాకా పనిచేస్తుంది కనుక దూరం చిక్కు కాదు. చిక్కు పిడుగు. తూర్పు కనుమల్లో ఏప్రిల్, మే నెలల సాయంత్రాలు ఉరుములతో ముగుస్తాయి. దగ్గర్లో పిడుగు పడినప్పుడు నేలలోకి దిగిన విద్యుత్తు వల్ల ఇంటి ఎర్త్‌కూ షెడ్డు ఎర్త్‌కూ మధ్య ఒక్క క్షణం పాటు వేల వోల్టుల తేడా వస్తుంది. రాతి నేలలో ఎర్త్ సరిగా కుదరదు కనుక ఆ తేడా మరింత పెద్దది. ఆ రెంటినీ రాగితో కలిపితే అదే దానికి రహదారి, రౌటర్లు రెండూ కాలిపోతాయి. ఫైబర్ గాజు. దానికి పిడుగుతో సంబంధం లేదు. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగానే ఊళ్లకు చేరింది, దాని నుంచి ఇంటికి లాగే సన్నని డ్రాప్ కేబుల్‌నే ఇల్లు దాటి షెడ్డుకు లాగించుకోవచ్చు. రెండు చివరలా ఒక్కో మీడియా కన్వర్టర్ పెడితే సరి. ఆ కేబుల్‌లో బలం కోసం ఒక ఉక్కు తీగ ఉంటుంది. దాన్ని పరికరాల దాకా తేకుండా రెండు కొసలా ముందే కత్తిరించమని చెప్పాలి, లేదంటే గాజు వైరు కొని కూడా పిడుగును పిలిచినట్టే. కరెంటు తీగ మీదుగానే ఇంటర్నెట్ పంపే అడాప్టర్లూ ఉన్నాయి. ఇల్లూ షెడ్డూ ఒకే మీటరు, ఒకే ఫేజు మీద ఉంటే పనిచేస్తాయి, లేకపోతే పేచీలు పెడతాయి.

ఇంటి వైఫై రోడ్డు దాకా పాకితే దారిన పోయేవారు దూరరా అనే భయం న్యాయమైనదే. గట్టి పాస్‌వర్డ్, కారుకు వేరుగా గెస్ట్ నెట్‌వర్క్ ఉంటే చాలావరకు తీరుతుంది. సరైన వ్యవస్థ ఉన్న కారు వైఫైని నమ్మి సాఫ్ట్‌వేర్ వేసుకోదు. కంపెనీ డిజిటల్ సంతకం సరిపోలితేనే వేసుకుంటుంది. వాహనాల సాఫ్ట్‌వేర్ మార్పులకు పద్ధతి ఉండాలని ఐక్యరాజ్యసమితి వేదిక 2020లో 156వ నిబంధనను ఆమోదించింది. దారిలో ఎవరైనా ఫైలును మార్చినా సంతకం చెడుతుంది, కారు దాన్ని పారేస్తుంది. పలక యాంటెన్నా ఇక్కడ మరో మేలు చేస్తుంది: సిగ్నల్‌ను కావలసిన దిక్కుకే పంపుతుంది కనుక రోడ్డు మీద ఒలికేది తక్కువ.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం సాంకేతికమైనది కాదు. ఈ-పాస్ యంత్రానికి సిగ్నల్ దొరికే గట్టు దాకా రేషన్ కోసం ముసలివాళ్లు నడిచి వెళ్లాల్సి వచ్చిన ఏజెన్సీలో, కరోనా కాలంలో పాఠాల కోసం పిల్లలు కొండెక్కిన ఏజెన్సీలో, కారు షెడ్డుకు వైఫై గురించి ఇంత రాయడం ఎవరి కోసం? ప్రశ్న సబబే. జవాబు పై లెక్కలోనే ఉంది. ఆ లెక్కకు షెడ్డులో ఉన్నది కారా, కాఫీ పల్పింగ్ యంత్రమా, రేషన్ డిపోనా అన్నది పట్టదు. పంచాయతీ కార్యాలయం దాకా ఫైబర్ వచ్చి, మూడు వందల మీటర్ల అవతలి గట్టు మీద అంగన్‌వాడీ కేంద్రం ఉందనుకోండి. 5.8 గిగాహెర్ట్జ్‌లో ఆ దూరం 97 డెసిబెల్స్ తీసుకుంటుంది, రెండు పలకలు 26 తిరిగి ఇస్తాయి, దారి తెరిచి ఉంటే ఇంకా బోలెడు మిగులు. కొత్త టవర్ కోసం ఏళ్లు ఎదురుచూడనక్కరలేదు. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం-వాణి ఏర్పాటు కింద చిన్న దుకాణం కూడా లైసెన్సు ఫీజు లేకుండా వైఫై అందించవచ్చు. కనుక కారు ఇక్కడ ఒక సాకు. కొండల్లో ఇంటర్నెట్ అంటే పెద్ద కంపెనీ, పెద్ద టవర్, పెద్ద బడ్జెట్ తప్ప మరో దారి లేదన్న నమ్మకం సడలితే ఈ అధ్యాయం పని జరిగినట్టే. ఇందులో ఒక్క మెలిక ఉంది, కరెంటు. స్తంభం పడితే ఫైబర్ బాక్సూ రేడియోలూ ఆరిపోతాయి. రౌటర్లకు దొరికే చిన్న 12 వోల్టుల యూపీఎస్ రెండు చివరలా పెట్టుకోకపోతే మిగతాదంతా ఎండాకాలం వరకే.

కొత్తగా షెడ్డు వేయించేవారికి ఒక మనవి. ఇంటి నుంచి షెడ్డుకు కరెంటు కోసం ఎలాగూ కాలువ తవ్వుతారు. అదే కాలువలో, కరెంటు తీగకు ఒక అడుగు ఎడంగా, ఖాళీ పీవీసీ పైపు ఒకటి వేయించి, లోపల నైలాన్ తాడు ఉంచి, రెండు మూతలూ బిగించండి. ఫైబర్ ఇవాళ లాగకపోయినా ఫర్వాలేదు. మట్టి పూడ్చాక మళ్లీ తవ్వాలంటే కొండ రాయి ఒప్పుకోదు, కూలీ ఖర్చు పైపు ఖర్చుకు ఎన్నో రెట్లు అవుతుంది.